మొత్తం ఉందో లేదో చూడకుండా ‘ఎక్స్ అనుకుందాం’ అంటే ఎలా?

సంపాదకులు గారికి,

నమస్కారం. డిసెంబరు 22న జాతీయ గణిత దినోత్సవం అని మీ పత్రిక విద్యార్థుల పేజీలో రామానుజన్ బొమ్మ కింద ఒక బాక్సు వేశారు. 1 + 2 + 3 + 4 + … అని అంతు లేకుండా కూడుకుంటూ పోతే మొత్తం మైనస్ 1/12 వస్తుందనీ, రామానుజన్ నిరూపించిన అద్భుతం అదేననీ అందులో ఉంది. తర్వాతి వారం అదే పేజీలో డిగ్రీ, బీటెక్ పిల్లలకి బిట్లు ఇచ్చారు. అందులో ఒకటి: 1 + 1/2 + 1/3 + 1/4 + … అనే శ్రేణి కన్వర్జెంటా (కూడుకుంటూ పోతే మొత్తం ఒక సంఖ్య దగ్గర కుదురుకుంటుందా), డైవర్జెంటా (కుదురుకోదా)? పేజీ అడుగున తలకిందులుగా అచ్చేసిన జవాబు: కన్వర్జెంట్, ఎందుకంటే పదాలు సున్నాకి దగ్గరవుతున్నాయి.

బాక్సు సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ బిట్టు.

నేను శ్రీకాకుళంలో బలగ వైపు మా ఇంటి వసారాలోనే డిగ్రీ పిల్లలకీ, బీటెక్ మొదటి ఏడాది పిల్లలకీ లెక్కలు చెబుతుంటాను. ఆమదాలవలస, గార, నరసన్నపేట వైపు నుంచి కాలేజీ వదిలాక వస్తారు, బస్సు వేళకి లేచిపోతారు. మీ పేజీ కత్తిరించి ఫైల్లో దాచుకునేది ఈ పిల్లలే. విశాఖపట్నం వెళ్లి కోచింగులు తీసుకునే స్తోమత వాళ్లకి లేదు. పేపర్లో అచ్చయిందంటే అది తప్పు కాదని నమ్ముతారు. నేను బోర్డు మీద రాసినదానికీ మీరు అచ్చేసినదానికీ తేడా వస్తే, మర్యాదకి నాతో అనరు గానీ, మీ వైపే మొగ్గుతారు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. స్థలం చాలకపోతే మీకు నచ్చిన చోట కత్తిరించండి, కింద అరలు లెక్కపెట్టే పేరా మాత్రం ఉంచండి.

ఆ పేరా ఇదీ. ఒకటిని పక్కన పెట్టండి, ఒక అరని పక్కన పెట్టండి. తర్వాత 1/3, 1/4 ఉన్నాయి. 1/3ని కూడా 1/4కి తగ్గించి లెక్కేసినా రెండు పావులు, అంటే అర. అసలు మొత్తం అంతకంటే ఎక్కువే. తర్వాత నాలుగు పదాలు, 1/5 నుంచి 1/8 దాకా. ఏదీ 1/8కి తక్కువ కాదు కాబట్టి నాలుగూ కలిసి అర దాటుతాయి. తర్వాత ఎనిమిది పదాలు, 1/9 నుంచి 1/16 దాకా: మళ్లీ అరకి పైనే. ఆ పైన పదహారు పదాల గుంపు, ఆ పైన ముప్పై రెండు పదాల గుంపు. గుంపు పెద్దదవుతూ పోతుంది గానీ ప్రతి గుంపు నుంచీ ఒక అర వస్తూనే ఉంటుంది. గుంపులకి లోటు లేదు. మీరు వంద చెప్పండి, వెయ్యి చెప్పండి, కావలసినన్ని అరలు పోగేసి దాన్ని దాటేయొచ్చు. కాబట్టి శ్రేణి డైవర్జెంట్. ఇది చెప్పినవాడు ఫ్రాన్సు దేశపు నికోల్ ఒరేం, సుమారు 1350లో. న్యూటన్, లైబ్నిజ్ పుట్టడానికి మూడు వందల ఏళ్ల దాకా ముందన్నమాట. దీనికి కాలిక్యులస్ అక్కర్లేదు. ఎనిమిదో తరగతి పిల్లకి భిన్నాలు వస్తే చాలు.

పిల్లలు దీన్ని ఎందుకు నమ్మరో నాకు తెలుసు. ఈ శ్రేణి అంత నెమ్మది. మొత్తం 5 దాటడానికి 83 పదాలు కావాలి. 10 దాటడానికి 12,367 పదాలు. 20 దాటడానికి 27,24,00,600 పదాలు. ఇంత మందకొడిగా పాకేదాన్ని చూసి ఆగిపోయిందనుకోవడంలో వింత లేదు.

మీ బిట్టు వచ్చిన ఆదివారం సాయంత్రం బీటెక్ చదివే కుర్రాడొకడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. “మేడం, పేపర్లో ఉన్నదే రైటండి. సి ప్రోగ్రాం రాసి చూసేను. 15.40 దగ్గర ఆగిపోనాది. పొద్దున్నుంచీ తిరగనిచ్చినా కదల్లేదు,” అన్నాడు. అబద్ధం కాదు, తెర మీద 15.4037 అలా నిలబడి ఉంది. మొత్తాన్ని దేంట్లో దాచుతున్నావురా అని అడిగితే ‘ఫ్లోట్’ అన్నాడు, దశాంశ సంఖ్యలు దాచడానికి సి భాషలో ఉండే చిన్న డబ్బా అన్నమాట. ఫ్లోట్‌కి సుమారు ఏడు అంకెలే గుర్తుంటాయి. మొత్తం 15 దాటాక, ఇరవై లక్షల తొంభై ఏడు వేల చిల్లర పదాలు అయ్యేసరికి, కొత్తగా వచ్చే పదం ఆ ఏడో అంకెని కూడా కదపలేనంత చిన్నదైపోతుంది. యంత్రం కూడుతున్నట్టే ఉంటుంది, ఏమీ కలవదు. ఇంకో తమాషా ఏమిటంటే, అన్ని పదాల అసలు మొత్తం 15.13 మాత్రమే. అడుగడుగునా సర్దిన చిల్లర పోగై 15.40 అయింది. అంటే ఆ తెర మీది అంకె ముగింపూ కాదు, సరైన లెక్కా కాదు.

‘ఫ్లోట్’ కొట్టేసి, ఇంకా ఎక్కువ అంకెలు గుర్తుండే ‘డబుల్’ రాయించాను. కోటి పదాలకి 16.695. రెండు కోట్లకి 17.388. నాలుగు కోట్లకి ఎంతొస్తుందో ముందే చెప్పమన్నాను. కుర్రాడు కాసేపు చూసి 18.08 అన్నాడు, అంతే వచ్చింది. పదాల సంఖ్య రెట్టింపు చేసిన ప్రతిసారీ సుమారు 0.693 కలుస్తుందని వాడే పట్టుకున్నాడు. అక్కడితో వాడికి ఒరేం గారి అరలు కూడా అర్థమయ్యాయి, ఎందుకంటే రెండూ ఒకటే మాట. డబుల్ కూడా ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతుందనుకోండి. యంత్రం ఆగిన చోటల్లా శ్రేణి ఆగినట్టయితే టెస్టులెందుకు, సిలబస్ ఎందుకు?

పదాలు సున్నాకి పోవడం అనేది అరసవల్లిలో రథసప్తమి నాడు క్యూలో నిలబడటం లాంటిది. క్యూలో లేనివాడికి దర్శనం లేదు, అది ఖాయం. క్యూలో ఉన్నంత మాత్రాన దర్శనం అయిపోయినట్టు కాదు. (వీఐపీ పాసుల మాట ఎత్తకండి, లెక్కల్లో అవి లేవు.) పదాలు సున్నాకి పోకపోతే శ్రేణి డైవర్జెంట్, ఇంకేమీ చూడక్కర్లేదు. సున్నాకి పోతే అసలు పని అప్పుడు మొదలవుతుంది. మీ జవాబులో ఈ రెంటినీ తారుమారు చేశారు. ఏటా పరీక్ష పేపర్లలో పిల్లలు చేసే తప్పూ ఇదే.

ఇక బాక్సు.

హైస్కూల్లో 0.3333… ని భిన్నంగా మార్చమంటే మనం ఏం చేశాం? దాన్ని ఎక్స్ అనుకుందాం అన్నాం. పదితో గుణిస్తే 3.3333… వచ్చింది. తీసేస్తే 9 ఎక్స్ = 3, కాబట్టి ఎక్స్ = 1/3. బాగుంది. ఇదే మంత్రం 1 + 2 + 4 + 8 + … మీద వేయండి. దీన్ని ఎక్స్ అనుకుందాం. మొదటి ఒకటి పక్కన పెడితే మిగిలింది 2 + 4 + 8 + …, అంటే 2 ఎక్స్. ఎక్స్ = 1 + 2 ఎక్స్, కాబట్టి ఎక్స్ = −1. అన్నీ ప్లస్సులే కూడితే మైనస్ ఒకటి! మా వసారాలో దీనికి పిల్లలు పడీపడీ నవ్వుతారు. మరి మైనస్ 1/12కి ఎందుకు నవ్వరు? దాని పైన రామానుజన్ బొమ్మ ఉంది కాబట్టి.

రెండు చోట్లా చేసిన పని ఒకటే. తేడా ఏమిటంటే, 3/10 + 3/100 + 3/1000 + … అనే శ్రేణికి సామాన్య నిష్పత్తి 1/10, ఒకటి కంటే చిన్నది, కాబట్టి మొత్తం అనేది నిజంగా ఉంది. ఉన్నదానికి ఎక్స్ అని పేరు పెట్టాం. రెండోదానికి మొత్తమే లేదు. లేని మనిషికి పేరు పెట్టి, ఆధార్ కార్డు తీసి, రేషన్ కూడా ఇచ్చేశాం.

మీ బాక్సులో ఇచ్చిన ‘నిరూపణ’లో శ్రేణిని ఒక గడి పక్కకి జరిపి దాంట్లోంచి దాన్నే తీసేశారు. ఆ వెసులుబాటు నాకూ ఇవ్వండి. 1 + 2 + 3 + 4 + … ని ఒకసారి రాస్తాను. దాని కిందే ఒక గడి కుడికి జరిపి మళ్లీ రాస్తాను, మొదటి గడిలో సున్నా పెడతాను. పైదాంట్లోంచి కిందది తీసేస్తే ఒక పక్క సున్నా, ఎందుకంటే రెండూ ఒకే మొత్తం. ఇంకో పక్క 1 + 1 + 1 + 1 + …. అంటే ఒకట్లన్నీ కూడితే సున్నా. ఇప్పుడు ఈ ఒకట్ల శ్రేణిని కూడా ఒక గడి జరిపి తీసేస్తాను. ఒక పక్క సున్నా నుంచి సున్నా పోతే సున్నా. ఇంకో పక్క మొదటి ఒకటి తప్ప అన్నీ కొట్టుకుపోతాయి, మిగిలింది ఒకటి. కాబట్టి సున్నా = ఒకటి. దీన్ని కూడా వచ్చే డిసెంబరు 22న బాక్సులో వేస్తారా?

రామానుజన్ గారి మీద నింద వేయడం నా ఉద్దేశం కాదు, ఆయన మీద పడిన నింద తీయడం నా ఉద్దేశం. 1913 ఫిబ్రవరి 27న మద్రాసు నుంచి కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరంలో ఆయన ఈ మైనస్ 1/12 సంగతి చెప్పాడు. చెబుతూ, తన సిద్ధాంతం ప్రకారం అని స్పష్టంగా రాశాడు. ఇలా చెబితే నాకు పిచ్చాసుపత్రికి దారి చూపిస్తారేమో అని కూడా ఆయనే రాశాడు. మామూలు కూడిక కాదని ఆయనకి తెలుసు. 1859లో రీమన్ వివరించిన జీటా ఫంక్షన్ అని ఒకటి ఉంది. 1, 1/2, 1/3, 1/4 వగైరాలని ఒకటి కంటే పెద్ద ఘాతానికి పెంచి కూడినప్పుడు ఆ మొత్తమే ఫంక్షన్ విలువ. ఘాతం ఒకటి దాటని చోట ఆ మొత్తం లేదు, కానీ ఫంక్షన్‌ని వేరే దారిలో అక్కడికి కూడా (సరిగ్గా ఒకటి దగ్గర తప్ప) పొడిగించొచ్చు. ఘాతం మైనస్ ఒకటి అయితే 1/2 రెండవుతుంది, 1/3 మూడవుతుంది, అంటే మన 1 + 2 + 3 + … అన్నమాట. అలా పొడిగించాక మైనస్ ఒకటి దగ్గర దాని విలువ −1/12. ఆ విలువ నిజం, దాని వెనక చాలా లోతైన లెక్క ఉంది. 1, 3, 6, 10, 15 అని పెరుగుతూ పోయే కూడికకి మాత్రం అది మొత్తం కాదు. ‘తన సిద్ధాంతం ప్రకారం’ అనే మాటలు మీ బాక్సులో ఎగిరిపోయాయి, దాంతో నిజమూ ఎగిరిపోయింది.

అసలు కన్వర్జ్ అయ్యే శ్రేణిలో కూడా పదాలు ఇష్టమొచ్చినట్టు జరపడానికి లేదు. 1 − 1/2 + 1/3 − 1/4 + … కన్వర్జెంట్, మొత్తం సుమారు 0.693. (పైన మా కుర్రాడు పట్టుకున్న 0.693 ఇదే, కాకతాళీయం కాదు. ఎందుకో పిల్లల్ని ఆలోచించమనండి.) ఇవే పదాలు, ఒక్కటీ వదలకుండా, వరుస మార్చి ఒక ప్లస్సుకి రెండు మైనస్సుల చొప్పున రాయండి: 1 − 1/2 − 1/4 + 1/3 − 1/6 − 1/8 + …. మొత్తం సరిగ్గా సగమైపోతుంది. గుర్తులన్నీ ప్లస్ చేసినా కన్వర్జ్ అయ్యే శ్రేణులకి ఈ బెడద లేదు. నిరపేక్ష అభిసరణ అని సిలబస్‌లో ఒక పాఠం పెట్టింది ఇందుకే. మా పిల్లలు దాన్ని నిర్వచనం వరకు బట్టీపట్టి వదిలేస్తారు.

బట్టీ మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. అంతా పత్రికదే తప్పంటే అన్యాయం. కాలేజీల దగ్గర జెరాక్సు షాపుల్లో అమ్మే గైడ్లూ, మాలాంటి ట్యూషన్ మాస్టర్లూ కలిసి ఈ పాఠాన్ని మందుల చీటీ చేసేశాం. ఎన్ ఘాతం కనిపిస్తే రూట్ టెస్టు, ఫాక్టోరియల్ కనిపిస్తే రేషియో టెస్టు, గుర్తులు మారుతుంటే లైబ్నిజ్ టెస్టు. ఏదీ తోచకపోయినా రేషియో టెస్టే. డాలంబేర్ గారి పేరు మీదున్న ఆ టెస్టు మంచిదే: ప్రతి పదాన్నీ దాని ముందు పదంతో భాగిస్తూ పోతే వచ్చే నిష్పత్తి ఒకటి కంటే చిన్నదానికి పోతే కన్వర్జెంట్, పెద్దదానికి పోతే డైవర్జెంట్. రెండు ఎన్నో ఘాతాన్ని ఎన్ ఫాక్టోరియల్‌తో భాగించే పదాలిస్తే ఒక్క గీతలో తేల్చేస్తుంది: నిష్పత్తి 2/(ఎన్+1), సున్నాకి పోతుంది, కన్వర్జెంట్. కానీ 1/ఎన్ ఇచ్చి చూడండి, నిష్పత్తి ఒకటికి పోతుంది. 1/ఎన్ స్క్వేర్ ఇచ్చి చూడండి, అదీ ఒకటికే పోతుంది. మొదటి శ్రేణి డైవర్జెంట్, రెండోది కన్వర్జెంట్. నిష్పత్తి ఒకటికి పోయిందంటే ఆ టెస్టుకి ఇక చెప్పడానికి ఏమీ లేదని అర్థం. పిల్లలేమో ‘టెస్ట్ ఫెయిల్స్’ అని రాసి, కింద స్కేలుతో రెండు గీతలు కొట్టి, తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు. శ్రేణి సంగతి ఏమైందని అడిగితే, “ఫెయిలైపోనాది కదండి,” అంటారు. ఫెయిలైంది శ్రేణి అనుకుంటున్నారు పాపం!

మొన్న ఒక లెక్క ఇచ్చాను. పదాలు ఇవి: 1/2, తర్వాత (1×3)/(2×4), తర్వాత (1×3×5)/(2×4×6), అలా. వీటిని కూడితే కన్వర్జెంటా? ఇది చాలా పాత పరీక్ష ప్రశ్న, గైడ్లన్నిట్లో ఉంటుంది. రేషియో టెస్టులో (2ఎన్+1)/(2ఎన్+2) వస్తుంది, ఒకటికి పోతుంది. అప్పుడు రాబే టెస్టు వాడాలి. అవధి 1/2 వస్తుంది, ఒకటి కంటే తక్కువ కాబట్టి డైవర్జెంట్. అందరూ రాబే సూత్రం గుర్తు తెచ్చుకునే పనిలో ఉన్నారు. ఎన్ పైకి వస్తుందా కిందికి వస్తుందా అని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటున్నారు. గార మండలం నుంచి వచ్చే ఒక అమ్మాయి, మాట తక్కువ, గోడవారన కూర్చుంటుంది, “మేడం, పైనున్న అంకెల్ని ఒక గడి పక్కకి జరిపీస్తే?” అంది.

బోర్డు దగ్గరికి పిలిచాను. (1×3×5)/(2×4×6) ని ఆ పిల్ల 3/2 × 5/4 × 1/6 అని రాసింది. పైన అవే మూడు అంకెలు, కింద అవే మూడు అంకెలు, జోడీలు మారాయంతే. 3/2 ఒకటి కంటే పెద్దది, 5/4 ఒకటి కంటే పెద్దది, కాబట్టి మొత్తం పదం 1/6 కంటే పెద్దది. నాలుగో పదం 1/8 కంటే పెద్దది. మొదటిది 1/2కి సమానం, మిగతావన్నీ 1/4, 1/6, 1/8 వరుసకి పైనే. ఆ వరుసంతా కూడితే మీ బిట్టులో ఉన్న శ్రేణిలో సగం. అంతులేనిదాంట్లో సగం కూడా అంతులేనిదే. కాబట్టి ఇదీ డైవర్జెంట్. రాబే గారి అవసరమే రాలేదు. ఒక్క పోలిక చాలు.

ఇందులో మీరు చూడవలసిన సంగతి ఇంకొకటి ఉంది. మీ బిట్టులో ఇచ్చిన తప్పు జవాబే ఈ అమ్మాయి నమ్మి ఉంటే ఆ నిరూపణ ఆఖరి మెట్టు మీద కూలిపోయేది. 1/ఎన్ శ్రేణి డైవర్జెంట్ అన్నది ఏదో ఒక మార్కు బిట్టు కాదు. సగం శ్రేణులని మనం దాని పక్కన నిలబెట్టే కొలుస్తాం.

ఆ నిరూపణని పరీక్షలో రాయమని చెప్పడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు. పేపరు దిద్దేవాళ్ల చేతిలో ఉన్న జవాబుల కాగితంలో రాబే టెస్టు అని ఉంటుంది. ముందు రాబే రాసి, జాగా మిగిలితే నీది కూడా రాయమ్మా అన్నాను. నాకే చిరాకేసింది ఆ మాటకి.

శ్రేణి గురించి రెండు ప్రశ్నలుంటాయి. మొత్తం ఉందా? ఉంటే ఎంత? టెస్టులన్నీ మొదటి ప్రశ్నకే జవాబు చెబుతాయి. రెండోది వేరే యుద్ధం. 1 + 1/4 + 1/9 + 1/16 + … చూడండి. 1/4 అనేది 1/(1×2) కంటే చిన్నది, 1/9 అనేది 1/(2×3) కంటే చిన్నది, 1/16 అనేది 1/(3×4) కంటే చిన్నది. 1/(1×2) అంటే 1 − 1/2. 1/(2×3) అంటే 1/2 − 1/3. ఇలా రాస్తే మధ్యవన్నీ కొట్టుకుపోయి మొత్తం ఒకటి మిగులుతుంది. మొదటి 1 కలుపుకుంటే మన శ్రేణి రెండు దాటదు. పదాలన్నీ ధనాత్మకం, మొత్తం పెరుగుతూనే ఉంది, రెండు దాటలేదు, కాబట్టి ఎక్కడో ఒకచోట కుదురుకోవాలి. మొత్తం ఉందని తేలిపోయింది. ఎంత? ఇటలీలో మెంగోలి 1650లో అడిగాడు. స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో యాకోబ్ బెర్నూలీ 1689లో, రెండు కంటే తక్కువని తెలుసు, ఎంతో తెలియలేదు, ఎవరికైనా తెలిస్తే చెప్పండి అన్నాడు. జవాబు వినకుండానే 1705లో పోయాడు. అదే ఊళ్లో పుట్టిన ఆయిలర్ 1734లో, ఇరవై ఏడేళ్ల వయసులో, తేల్చాడు: పై (π) స్క్వేర్ బై ఆరు, సుమారు 1.6449. వృత్తం ఎక్కడా లేని కూడికలోకి పై ఎలా వచ్చిందా అని ఇప్పటికీ మొదటిసారి విన్న పిల్లలు నోరు తెరుస్తారు. మీ బాక్సుకి అద్భుతం కావాలంటే ఇదిగో, పైగా ఇది మామూలు కూడిక.

స్క్వేర్ల బదులు క్యూబులు పెట్టండి: 1 + 1/8 + 1/27 + 1/64 + …. ‘పి విలువ (హారం మీది ఘాతం) 3, ఒకటి కంటే ఎక్కువ, కాబట్టి కన్వర్జెంట్’ అని రాసి పిల్లలు రెండు మార్కులు తెచ్చుకుంటారు. ఆ మొత్తం 1.2020569… అని ఎన్ని అంకెలైనా లెక్కగట్టొచ్చు. అది భిన్నంగా రాయలేని కరణీయ సంఖ్య అని 1978లో ఫ్రాన్సులో అపేరీ నిరూపించాడు. కానీ పై స్క్వేర్ బై ఆరు లాగా చక్కటి సూత్రం దానికి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. రెండు మార్కుల ప్రశ్న వెనక అంత పెద్ద చీకటి ఉందని ఏ గైడూ చెప్పదు. మీ పేజీ చెప్పొచ్చు కదా.

గణిత దినోత్సవానికి మన దేశపు అద్భుతమే కావాలంటే మాధవుడు ఉన్నాడు. పద్నాలుగో శతాబ్దం, కేరళలో సంగమగ్రామం. పై బై నాలుగు = 1 − 1/3 + 1/5 − 1/7 + … అని ఆయన సంప్రదాయంలో ఉంది, యూరపు కంటే రెండు వందల ఏళ్లకు పైగా ముందు. శ్రేణి కన్వర్జెంటే, కానీ మహా నెమ్మది. యాభై పదాలు కూడి నాలుగుతో గుణిస్తే 3.1216 వస్తుంది, రెండో దశాంశమే తప్పు. మాధవుడి గొప్పతనం ఆ పైన ఉంది. ఆపేసిన చోట ఎంత మిగిలిపోయిందో అంచనా కట్టి దాన్ని కలిపే పద్ధతి కూడా ఇచ్చారు. అందులో అన్నిటికంటే తేలికైన సవరణ ప్రకారం ఇక్కడ 1/50 కలిపితే చాలు, 3.14159 వచ్చేస్తుంది! ఇంకా మంచి సవరణలు కూడా ఆ సంప్రదాయంలో ఉన్నాయి. ఆగినచోట ఏం మిగిలిందో ఆలోచించడం కంటే మంచి కాలిక్యులస్ పాఠం నాకు తెలియదు. ఇది కాలిక్యులేటర్ మీద పదో తరగతి పిల్లాడు చేసి చూసుకోవచ్చు. మైనస్ 1/12ని ఏ కాలిక్యులేటర్ మీదా చేసి చూసుకోలేడు.

ఇప్పుడు నా విన్నపాలు. ఆ బిట్టుకి సవరణ వేయండి, తప్పు ఏ పేజీలో ఏ సైజులో పడిందో అదే పేజీలో అదే సైజులో. లోపలి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తే మా పిల్లలు చూడరు, పాత కత్తిరింపే ఫైల్లో ఉండిపోతుంది. రెండోది, కన్వర్జెంటా డైవర్జెంటా అని బిట్టు ఇవ్వకండి. దాన్ని రూపాయి బిళ్ల ఎగరేసి కూడా చెప్పొచ్చు, సగం సార్లు మార్కు వస్తుంది. ఎందుకు అని అడగండి, రెండు గీతల్లో రాయమనండి. మంచి జవాబులు ఒకటో రెండో అచ్చేయండి. మా గార అమ్మాయి లాంటివాళ్లు టెక్కలిలో ఉంటారు, రాజాంలో ఉంటారు, సాలూరులో ఉంటారు.

మొదటి ప్రశ్న నేనే ఇస్తాను, పనికొస్తే వేసుకోండి. 1 + 1/2 + 1/3 + … శ్రేణిలో హారంలో ఎక్కడైనా 9 అంకె ఉన్న పదాలన్నీ కొట్టేయాలి. 1/9 పోతుంది, 1/19 పోతుంది, 1/90 నుంచి 1/99 దాకా అన్నీ పోతాయి, 1/1947 కూడా పోతుంది. మిగిలినవాటిని కూడితే కన్వర్జెంటా, డైవర్జెంటా? కారణం రాయాలి.

పిల్లలకి చెప్పకండి గానీ, మీకోసం జవాబు: కన్వర్జెంట్. 1914లో కెంప్నర్ అనే ఆయన చూపించాడు. 9 లేని ఒక అంకె హారాలు ఎనిమిది, రెండంకెలవి డెబ్బై రెండు, మూడంకెలవి 648, ప్రతిసారీ తొమ్మిది రెట్లు. పదాల సైజు మాత్రం ప్రతిసారీ పదో వంతుకి పడిపోతుంది. కాబట్టి మొత్తం 8 + 7.2 + 6.48 + … కంటే ఎక్కువ కాలేదు, అది 80. అసలు మొత్తం 23 కూడా దాటదు, సుమారు 22.92. మూడంకెల దాకా కూడి చూసిన పిల్లలు ఇందులో పోయినవి కొన్నే కదా అనుకుని డైవర్జెంట్ అని రాస్తారు. పెద్ద సంఖ్యల్లో 9 లేనిది దొరకడమే కష్టమని తోచినవాళ్లు సరిగా రాస్తారు. ఎ, బి, సి, డి ఆప్షన్లు పెట్టకుండా వేయండి. జవాబుకి ఒక వారం గడువివ్వండి, సంక్రాంతి సెలవులైతే రెండు వారాలు.

నమస్కారాలతో,
మీ పాఠకురాలు,
లెక్కల ట్యూషన్ టీచరు, బలగ, శ్రీకాకుళం